పదిహేడో నంబరు చొక్కాలు

జూన్ 3

గుండుసూదికి,

ఇక్కడ అందరం కులాసా, మీ అన్నయ్య మోకాలు తప్ప. ఆ మోకాలి సంగతి రాయమని ఆయన, అక్కర్లేదని నేను. రాసేశాను, ఆయన బాధ తీరింది.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్లు పెట్టెలో పెట్టించి తాళం వేస్తారు. ఇంటికొచ్చి మాట్లాడదామంటే మీ అన్నయ్య స్పీకర్ పెట్టమని పక్కనే కూర్చుంటారు. ఈ సంగతి ఆయన చెవిన పడితే వీధంతా తెలిసిపోతుంది.

పదేళ్లపాటు ఖాకీ యూనిఫారాలు చూసిన దాన్నా, పోయిన నెల నన్ను పసిపిల్లల చొక్కాల లైన్లో వేశారు. ఏడాది నిండని పిల్లలవి. మెత్తటి బనియను గుడ్డ, ముందు బాతు బొమ్మ, భుజం మీద మూడు టిచ్ బటన్లు. చివరి బల్ల మీద ముగ్గురం చెకర్లం. నేను చూసి వదిలిన చొక్కా లోపల 17 అని చీటీ వేసి కుడతారు. పక్కావిడలవి 16, 18.

నిన్న పొద్దున ఇన్‌ఛార్జి మిషన్లన్నీ ఆపించి ఒక కాగితం చదివాడు. మొదటి లాటులో పదహారు పాస్, పద్దెనిమిది పాస్, పదిహేడు ఫెయిల్. బటన్లు ఊడి వస్తున్నాయట. పసిపిల్ల నోట్లో పెట్టుకుని మింగితే ఎవరు జవాబుదారీ అని నా వైపు చూశాడు. మూడుసార్లు ఫెయిలైతే నంబరు లాక్కుని ఇంటికి పంపేస్తారు. ఇన్నేళ్లలో నా మీద ఒక్క మాట పడలేదే! ఒకే గుడ్డ, ఒకే బటన్, ఒకే మిషన్. నాది మాత్రమే ఎలా పోతుంది? ఇందులో ఏదో మతలబు ఉంది.

ఆ కాగితం మీద మీ ఊరి ల్యాబు ముద్ర ఉంది. నువ్వు పనిచేసేది అక్కడే కదా. ఆ పరీక్ష ఎవరు చేశారో కాస్త కూపీ లాగి రాయి. వాళ్ల పేరు చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ఉంటాను,
వదిన


జూన్ 9

వదినకి,

కూపీ లాగే పని లేదు. చేసింది నేనే.

ముందు తిట్టుకోకు, చివరిదాకా చదువు. మాకు వచ్చే చొక్కాల మీద ఫ్యాక్టరీ పేరు ఉండదు, ఒక కోడ్ నంబరు ఉంటుంది అంతే. బాతు బొమ్మ చూసినా నాకేమీ తట్టలేదు. పరీక్ష అయ్యాక లోపల చీటీ చూశాను, 17. అయినా పదిహేడు నంబర్లు ఎన్ని ఫ్యాక్టరీల్లో ఉండవు అనుకున్నాను. నీ ఉత్తరం చూశాకే ఆ పదిహేడు నువ్వని తెలిసింది.

మా పరీక్షలో ఎవరి ఇష్టాయిష్టాలకూ చోటు లేదు. చొక్కాని ఒక దవడ పట్టుకుంటుంది, బటన్‌ని ఇంకో దవడ పట్టుకుంటుంది, మిషన్ మెల్లగా లాగుతుంది. తొమ్మిది కిలోల లాగుడుకి పది సెకన్లు ఆగాలి. నీ పది చొక్కాల్లో నాలుగింటికి ఆరు కిలోలు దాటకుండానే బటన్ చేతికొచ్చేసింది. అంకె తెర మీద పడుతుంది, నేను కాగితం మీద రాస్తాను. నేను చేసేది అంతే.

నిజానికి ఇవి నీకు రాయకూడదు. చుట్టాల ఫ్యాక్టరీ అని తెలియగానే మా మేడమ్‌కి చెప్పాలి. చెప్పలేదు. ఇంకోసారి ఏమీ అడగకు, నేను చెప్పలేను.

ఒక్క మాట. కళ్లు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది? పోయినసారి వచ్చినప్పుడు సూదిలో దారం నాతో ఎక్కించావు. ఊరికే అడిగాను.

అన్నయ్యని మోకాలికి వేడి కాపడం పెట్టుకోమను.

నీ గుండుసూది


జూన్ 15

మహాతల్లీ,

కళ్లా! నా కళ్లకే వంక పెడతావా? నీ మొదటి గౌను అంచు వంకరగా ఉందని నాలుగుసార్లు విప్పించి కుట్టించిన కళ్లివి. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడాలని నీకు నేర్పింది ఎవరు? సూదిలో దారం ఎక్కించమన్నది నువ్వు పక్కన కూర్చుంటావని. అంతే తెలుసుకో. ఎంతైనా ఆడపడుచువి, ఆడపడుచు బుద్ధి ఎక్కడికి పోతుంది!

నాకు జరిగేది అర్థమవుతూనే ఉంది. బటన్లు కొట్టే మిషన్ దగ్గర ఒకాయన ఉన్నాడు. గుడ్డ నూగు పడక రోజంతా తుమ్ముతూ ఉంటాడు, అందరం తుమ్ముల మాస్టారు అంటాం. ఆ మిషన్‌ని కాలితో తొక్కాలి. తొక్కినప్పుడు బటన్ గోళ్లు గుడ్డలోకి దిగి అవతలివైపు మడత పడాలి. తుమ్ముతూ తొక్కితే సరిగ్గా ఏం దిగుతాయి? పైగా పోయిన నెల ఆయన కట్ట ఒకటి నేను వెనక్కి పంపాను. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడడు. వదులుగా పడ్డవి ఏరి నా బల్లకే తోస్తున్నాడని నా అనుమానం. పద్దెనిమిదో నంబరావిడకీ ఇందులో వాటా ఉందేమో చూడాలి. నేను మంచినీళ్లకి వెళ్లొచ్చేసరికి నా కట్ట జరిగి ఉంటోంది.

నేనేమన్నా తక్కువ తిన్నానా? ఖాకీ లైన్లో ఉన్నప్పుడు బటన్‌ని ఒక్కసారి లాగి చూసేదాన్ని, ఆ అలవాటు ఇక్కడా మానలేదు. ఇప్పుడు ఒక్కసారి కాదు. ఒక్కో బటన్‌నీ బొటనవేలితో మూడుసార్లు గట్టిగా గుంజి చూసి గానీ వదలడం లేదు. సాయంత్రానికి వేలు వాచిపోతోంది. ఇక రెండో లాటులో ఒక్కటి ఊడిందంటే అది నా తప్పు కాదని దేవుడికే తెలుస్తుంది.

ఇంకో సంగతి. నీ కవరు అంచు ముడత పడి, రెండుసార్లు జిగురు పెట్టినట్టు ఉంది. మధ్యలో ఎవరో తెరిచారు. మీ ల్యాబులో నీ మీద కన్నేసిన వాళ్లెవరైనా ఉన్నారా? జాగ్రత్త.

వదిన


జూన్ 22

వదినా,

కవరు తెరిచింది నేనే. అంటించాక అన్నయ్య మోకాలు గుర్తొచ్చింది, మళ్లీ తెరిచి ఆ ముక్క రాశాను. నువ్వు ఇలాగే ఆలోచిస్తూ ఉంటే మీ వీధిలో కుక్క మొరిగినా దానికి ఎవరో నేర్పించారంటావు.

రెండో లాటు వచ్చింది. ఇది నీ చేతికి అందేలోపు రిపోర్టు మీ ఇన్‌ఛార్జి చేతిలో ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. పదింటిలో ఏడు పోయాయి. నాలుగు కిలోలకే ఊడినవి రెండున్నాయి. పదహారు, పద్దెనిమిది మళ్లీ పాస్.

ఏడో చొక్కా బిగిస్తూ ఈ ఒక్కటైనా ఆగు తల్లీ అని మిషన్‌తో మాట్లాడాను. పక్కనున్న అమ్మాయి నన్ను వింతగా చూసింది.

వదినా, కోపం తెచ్చుకోనంటే ఒకటి అడుగుతాను. ముగ్గురి బల్లకీ బటన్లు కొట్టేది ఆ మాస్టారే అయినప్పుడు, ఏరి ఏరి నీకే పంపడానికి ఆయనకి అంత తీరిక ఎక్కడిది? గంటకి ఇన్ని చూడాలని మీకు లెక్క పెడతారు కదా. ఆ లెక్క కోసం చూడకుండానే కొన్ని వదిలేస్తున్నావా? వదిలేస్తే నాతో చెప్పు. నేను నిన్ను చిన్నచూపు చూడను. తెలిస్తే ఏదో ఒక దారి ఆలోచించవచ్చు.

నీ గుండుసూది


జూన్ 27

ల్యాబు అమ్మగారికి,

చూడకుండా వదిలేస్తున్నానా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

గంటకి అరవై చూడాల్సిన చోట నలభై చూస్తున్నాను, మూడేసిసార్లు గుంజి మరీ. ఆలస్యమైందని రోజూ తిట్లు తింటున్నాను. నీకు ఇవన్నీ ఎందుకు? అక్కడ చల్లటి గదిలో కూర్చుని మీట నొక్కుతావు, పోయింది అని రాస్తావు. సొంత వదిన చొక్కాలే ఫెయిల్ చేసింది, ఎంత నిక్కచ్చి మనిషో అని మీ మేడమ్ మెచ్చుకుంటోందేమో. మెచ్చుకోనీ. పెద్ద కుర్చీ ఎక్కు, సంతోషిస్తాం.

నిన్న తుమ్ముల మాస్టారి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఇన్‌ఛార్జి రెండుసార్లు చదివి, నాకూ అదే అనుమానంగా ఉంది అన్నాడు. నా మాట నమ్మిన వాడు ఒకడైనా ఉన్నాడు. ఇంట్లో మనుషులే నమ్మనప్పుడు బయటివాడు నమ్మడమే గొప్ప.

ఇంకోసారి ఫెయిలైతే నా పని ఖాళీ. అప్పుడు నీ ఎదురుగా వచ్చి కూర్చుంటాను, నన్ను కూడా ఆ దవడల్లో బిగించి ఎన్ని కిలోలకి తెగుతానో చూసుకో.

జవాబు రాయనక్కర్లేదు.

చెకర్ నంబరు 17


జూలై 8

వదినా,

రాయొద్దన్నా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏడ్చాను, మూడో రోజు కోపం వచ్చింది, నాలుగో రోజు మా మేడమ్ దగ్గరకి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. పదిహేడో నంబరు మా వదిన, ముందే చెప్పనందుకు ఏం చేసినా సరే అన్నాను. ఆవిడ అరిచింది. మీ ఫ్యాక్టరీ చొక్కాలు ఇక నా బల్లకి రావు. రెండు లాట్లలోనూ ఒక్కో చొక్కాకి ఇంకో బటన్ వేరే అమ్మాయితో లాగించింది. అంకెలు అవే వచ్చాయి. అంటే నా మిషన్‌లో మోసం లేదు, మనసులోనూ లేదు. ఇది నీకు తెలియాలి.

తర్వాత ఆ చొక్కాలు పారేసే ముందు ఒకసారి భూతద్దం కింద పెట్టి చూస్తానని మేడమ్‌ని బతిమాలాను. ఇప్పుడు రాసేది నెమ్మదిగా చదువు.

పద్దెనిమిదో నంబరువి చూశాను. బటన్ గోళ్లు గుడ్డలోకి శుభ్రంగా దిగాయి, వాటి చుట్టూ అల్లిక బిగుతుగా పట్టుకుని ఉంది. నీవి చూశాను. గోళ్లు అంతే శుభ్రంగా దిగాయి. మాస్టారి కాలు తప్పు చెయ్యలేదు. కానీ గోళ్ల చుట్టూ గుడ్డ సాగిపోయింది. కన్నాలు గుండ్రంగా లేవు, అన్నీ ఒకే వైపుకి, కిందకి, కోలగా జరిగి ఉన్నాయి. మేము ఇంకా మిషన్‌లో పెట్టని బటన్ల చుట్టూ కూడా అలాగే ఉంది. ప్రతి బటన్ కిందా గుడ్డ బొటనవేలంత మేర నలిగి ఉంది.

నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. పద్దెనిమిదో నంబరు చొక్కా ఒకటి తీసుకుని, ఒక్కో బటన్‌నీ బొటనవేలితో మూడుసార్లు గుంజాను, నువ్వు రాసినట్టే. తర్వాత మిషన్‌లో బిగించాను. అయిదు కిలోలకి ఊడిపోయింది. గుంజనిది పన్నెండు దాటినా కదల్లేదు.

ఖాకీ గుడ్డ మందం, నువ్వు ఎంత గుంజినా దానికి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఇది బనియను అల్లిక, లాగితే సాగుతుంది. ఒకసారి గుంజినప్పుడు నాలుగు పోయాయి, మూడుసార్లు గుంజితే ఏడు పోయాయి. వదినా, వాటిని పాడు చేస్తున్నది నువ్వే. కావాలని కాదు, భయం కొద్దీ. మేము లాగి చూసిన చొక్కాని మళ్లీ ఎవరికీ తొడగరు, చించి పారేస్తాం. నువ్వు లాగి చూసినవి పెట్టెల్లోకి వెళ్తున్నాయి.

మేడమ్ దీన్ని రిపోర్టులో రాయనంది. ఎందుకు ఊడిందో కనుక్కోవడం ఫ్యాక్టరీ పని, ఎన్ని కిలోలకి ఊడిందో చెప్పడమే మన పని అంది. కాబట్టి ఇది మేడమ్‌కీ నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. దయచేసి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో.

నీ గుండుసూది


జూలై 18

గుండుసూదీ,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ఫిర్యాదు ఇచ్చిన నాలుగో రోజే మాస్టారిని పంపేశారు. తన పీట తీసుకుని గోడ పక్కన పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు సంతోషంగానే ఉంది, దాచను.

నువ్వు రాసింది మొదట నమ్మలేదు. వదినని దోషిని చెయ్యడానికి భూతద్దం కూడా పట్టుకుంది అనుకున్నాను. అయినా మనసులో పురుగు తొలిచింది. మూడో లాటుకి చేతులు బల్లకి ఆనించి, కళ్లతో మాత్రమే చూశాను. గుంజాలని వేళ్లు జిలపెట్టాయి. చెంగులో చుట్టి కూర్చున్నాను.

నిన్న రిపోర్టు వచ్చింది. పదికి పది పాస్.

ఇన్‌ఛార్జి మళ్లీ మిషన్లు ఆపించాడు. పదిహేడో నంబరు ముందే పసిగట్టింది, ఆ మనిషి వెళ్లగానే రోగం కుదిరింది అని చప్పట్లు కొట్టించాడు. పద్దెనిమిదో నంబరావిడ కూడా కొట్టింది. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. పాత రెండు లాట్లూ గోదాములో ఉన్నాయి. మాస్టారు కొట్టిన బటన్లు పీకేసి, కొత్తాయన చేత అదే చోట కొత్తవి కొట్టించి పంపేస్తారట.

నాకు ఉద్యోగం నిలబడింది. ఆయనకి ఇంకెక్కడైనా పని దొరక్కపోదు, చేతిలో విద్య ఉన్నవాడు. ఇది ఇక్కడితో వదిలెయ్. ఆ ఉత్తరం చించేశాను, నా ఉత్తరాలూ చించెయ్. ఈ ముక్క ఎవరికైనా చెప్పావని తెలిస్తే నీకూ నాకూ సంబంధం ఉండదు. చెప్పవని నమ్మకం ఉంది. అయినా రాస్తున్నాను.

వదిన


జూలై 24

వదినా,

నేను ఎవరికీ చెప్పను. ఒట్టు కావాలంటే వేస్తాను. నీ ఉత్తరాలు చించను కూడా.

గుడ్డే సాగిపోయింది. సాగిన కన్నంలో కొత్త బటన్ కొడితే అది దేన్ని పట్టుకుని నిలబడుతుంది? కొట్టినవాడు మారినంత మాత్రాన గుడ్డ మారుతుందా? మళ్లీ ల్యాబుకి పంపేటప్పుడు మీ ఇన్‌ఛార్జి బాగున్నవి ఏరి పంపిస్తాడు, మేము పాస్ అని రాస్తాం. తర్వాత అవి పిల్లల ఒంటి మీదకి వెళ్తాయి. ఆ వయసు పిల్లలు చేతికందింది నోట్లో పెట్టుకుంటారని నీకు నేను చెప్పాలా?

ఇది నేను చెబితే నా మాట చెల్లదు. మేడమ్ రాయదు. గుంజిన దానివి నువ్వు, నువ్వు చెప్పాలి. చెబితే నీ నంబరు పోతుందని తెలుసు. చెబుతావో లేదోనని అనుమానంగానే ఉంది, అదీ దాచడం లేదు. ఇన్నాళ్లూ నిన్ను అనవసరంగా అనుమానించాను, కళ్లన్నాను, పని దొంగవన్నట్టు రాశాను. వాటికి నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్క అనుమానం కూడా తప్పని రుజువు చెయ్యి వదినా.

నీ గుండుసూది


ఆగస్టు 2

గుండుసూదికి,

నీ ఉత్తరం మూడు రోజులు బీరువాలో దాచి, అక్కడ లేనట్టే తిరిగాను. నాలుగో రోజు డ్యూటీకి వెళ్తూ బస్సులో పక్క సీట్లో ఒక పిల్ల, పళ్లు కూడా రాలేదు, తల్లి భుజం మీద తల పెట్టుకుని తన చొక్కా బటన్ చప్పరిస్తోంది. మన బాతు చొక్కా కాదు, వేరేది. అయినా దిగేదాకా నా కళ్లు ఆ నోటి మీదే ఉన్నాయి.

వెళ్లగానే రెండు చొక్కాలు తీసుకుని ఇన్‌ఛార్జి బల్ల మీద పెట్టాను. ఒకదాన్ని గుంజాను, ఒకదాన్ని ముట్టుకోలేదు. తూకాల గది నుంచి స్ప్రింగు కాటా తెప్పించి రెండూ తగిలించి లాగాను. గుంజింది అయిదుకే వచ్చేసింది. ఆయన నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. "లాటు పాసయింది, నీ మీద మాట లేదు, ఇప్పుడెందుకమ్మా నెత్తిన పెట్టుకుంటావు? నోరు మూసుకుని కూర్చోరాదా?" అన్నాడు. తలుపు తీసి లైన్లోకి వచ్చి అందరి ముందూ మళ్లీ చేసి చూపించాను. ఇంకేం చేస్తాడు? గోదాములో రెండు లాట్లకీ కత్తెర వేయించాడు. సాయంత్రానికి నా నంబరు తీసుకున్నారు. మీ అన్నయ్య మొదట గయ్యిమన్నారు, తర్వాత ఆయనే కాఫీ పెట్టి ఇచ్చారు. ఎప్పుడూ చెయ్యని పని, అందులో పంచదార వెయ్యడం మరిచిపోయారు.

నిన్నూ అనరాని మాటలన్నాను. పెద్ద కుర్చీ అన్నాను, ఆడపడుచు బుద్ధి అన్నాను. సిగ్గుగా ఉంది. నువ్వు తప్ప ఇంకెవరూ నాకు ఆ మాట చెప్పి ఉండరు.

మర్నాడు మాస్టారింటికి వెళ్లాను. పనిలోకి రమ్మని కబురు అప్పటికే వెళ్లిందట, కారణం మాత్రం చెప్పలేదట. ఆయన తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి రమ్మన్నాడు. గది మధ్యలో కుర్చీ, దాని ముందు నేల మీద ఒక చెక్క పీట. నిలబడే చెప్పాను. ఫిర్యాదు ఇచ్చింది నేను, బటన్లు పాడు చేసింది నేను, మీ పనిలో ఏ లోపమూ లేదు అన్నాను. తిడతాడనుకున్నాను, చెయ్యెత్తినా పడదామనుకున్నాను.

ఆయన పీట వైపు చూశాడు. వాళ్లావిడ లోపలి నుంచి వచ్చి, "నెల్లాళ్లుగా ఆ పీట మీద కాలు పెట్టి తొక్కి తొక్కి చూసుకుంటున్నారమ్మా, ఎక్కడ బరువు తగ్గుతోందోనని" అంది. అప్పుడు ఆయన నా మొహంలోకి చూసి, "అయితే నా కాలు బాగానే ఉందా అమ్మా?" అని అడిగాడు.

బాగానే ఉంది మాస్టారూ అన్నాను. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మీ వదిన